తమ్ముడిది పొగరా, పర్సనాలిటీ డిజార్డరా? రకాలు, తేడాలు మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి

ఉప్పల్_అక్క

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మా తమ్ముడికి 27. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదిన్నరగా ఉప్పల్‌లో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మనిషి మంచోడు. మా పాపని స్కూలు బస్సు ఎక్కించేది వాడే, నాకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని కూర్చునేదీ వాడే. కానీ వాడితో ఒక ఇంట్లో ఉండటం మాత్రం కత్తి మీద సామే. ఒకరోజు "అమ్మ తర్వాత అమ్మవి నువ్వేనక్కా" అంటాడు, మర్నాడు ఫోన్ ఎత్తలేదని "నువ్వూ అందరిలాంటిదానివే" అని మొహం మీదే తలుపేస్తాడు.

పోయిన నెల జరిగింది చెప్తా. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ సైలెంట్‌లో పెట్టా. బయటికొచ్చి చూస్తే 31 మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎత్తడు. ఎవరికేమైందో ఏమో అని ఉప్పల్ మెట్రో దిగి మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి. ఇంటికెళ్తే గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, షూ వేసుకుని, పక్కన సర్దిన బ్యాగు, ఫ్యామిలీ గ్రూపులోంచి అప్పటికే లెఫ్ట్. "నేనంటే ఎవరికీ పట్టదు, హాస్టల్‌కి పోతా" అన్నాడు. ఇంతకీ అన్ని కాల్స్ ఎందుకయ్యా అంటే, సాయంత్రానికి పునుగులు తేవాలా మిర్చి బజ్జీ తేవాలా అని అడగడానికట. నేను అరిచి, ఏడ్చి, చివరికి చాయ్ పెట్టి తెచ్చేసరికి పాపతో క్యారమ్స్ ఆడుతూ నవ్వుతున్నాడు. షూ మాత్రం ఇంకా విప్పలేదు.

రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మారాడు. ప్రతిచోటా మేనేజరు మొదటి నెల దేవుడు, మూడో నెలకి దయ్యం. ఒకమ్మాయితో విషయం కూడా ఇలాగే చెడింది, ఆ తర్వాతే మా ఇంటికొచ్చాడు.

ఇంట్లో తలా ఒక మాట. మావారు "పొగరు, నువ్వే నెత్తికెక్కించుకున్నావ్" అంటారు. జనగామలో అమ్మ "పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు" అంటుంది, దిష్టి కూడా తీయించింది. ఆఫీసులో ఒకామె బైపోలార్ అంది. రీల్స్ చూస్తే ఊళ్లో ఉన్నవాళ్లంతా నార్సిసిస్టులే. నేనే చదివి తెలుసుకుందామని కూర్చుంటే పారనాయిడ్, స్కిజాయిడ్, స్కిజోటైపల్... పేర్లన్నీ డాక్టరు రాసిన చీటీలా ఉన్నాయి. పైగా ప్రతిదాంట్లో తమ్ముడు కనిపించాడు, మావారు కనిపించారు, నేనూ కనిపించాను.

అసలు ఈ రకాలేంటి, కోపిష్టి మనిషికీ జబ్బు ఉన్న మనిషికీ తేడా ఎలా తెలుస్తుంది, ఎవరికి చూపించాలి, తగ్గుతుందా? "ఎర్రగడ్డకు తీసుకుపో" అనే జోకులు మాత్రం దయచేసి వద్దు, అవి ఇంట్లోనే వింటున్నాను.

---

బోనాల_బ్యాచ్

అక్కా ఫీల్ అవ్వకు గానీ, మా నాయన కాలంలో ఈ డిజార్డర్లేవీ లేవు, బెల్టు ఒక్కటే ఉండేది. 27 ఏళ్లు వచ్చినోడు ఫోన్ ఎత్తలేదని బ్యాగు సర్దితే ఆ బ్యాగు నువ్వే ఆటోలో పెట్టు. రెండు రోజులు హాస్టల్ సాంబారు తింటే అన్ని డిజార్డర్లూ సెట్ అవుతాయి. అందరికీ ఏదో ఒక ఇంగ్లిష్ పేరు తగిలించుడు ఫ్యాషన్ అయింది.

---

మూడో_అంతస్తు

ఉప్పల్ అక్క గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుని, సికింద్రాబాద్ వైపు నా క్లినిక్. మీ తమ్ముణ్ని చూడకుండా ఆయనకు ఏ పేరూ పెట్టను, ఇక్కడ ఎవరైనా పెట్టినా నమ్మకండి. రకాల గురించి మాత్రం చెప్తాను.

ప్రతిదాంట్లో అందరూ కనిపించారన్నారు చూడండి, అది మీ పొరపాటు కాదు. అనుమానం, మొండితనం, పొగిడించుకోవాలనే మోజు, ఎవరైనా వదిలేస్తారేమోనన్న దిగులు, ఇవి లేని మనిషి లేడు. కూరలో ఉప్పు లాంటివి. ముద్ద నోట్లో పెట్టుకోలేనంత అయినప్పుడే పేచీ. మేం మొదట చూసేది, ఈ తీరు ఎప్పటి నుంచి ఉంది అని. టీనేజీ చివర్లోనో, ఉద్యోగం సద్యోగం మొదలయ్యే వయసులోనో కనబడి ఏళ్ల తరబడి సాగుతూ ఉండాలి. పోయిన సంవత్సరం నాన్న పోయాక మారాడు అంటే అది వేరే లెక్క. తర్వాత, ఒక్క భార్య దగ్గరో ఒక్క బాసు దగ్గరో కాకుండా ఇల్లు, ఆఫీసు, స్నేహాలు అన్నిచోట్లా అదే కథ నడుస్తుందా అని. ఆ తర్వాత, దానివల్ల ఆ మనిషో చుట్టూ ఉన్నవాళ్లో నిజంగా నలిగిపోతున్నారా అని.

ఇంకోటి కూడా చూడాలి, దీన్ని రీల్స్ చేసేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. ఆ ప్రవర్తన ఆ మనిషి పుట్టిపెరిగిన సమాజం ఆశించేదానికి బాగా దూరంగా ఉండాలని నిర్వచనంలోనే ఉంది. ముప్పై ఏళ్లవాడు నాన్నని అడిగి బండి కొన్నాడంటే అది డిపెండెంట్ పర్సనాలిటీ కాదు, మన ఇళ్లు అంతే. దిష్టి నమ్మితే స్కిజోటైపల్ అయ్యేదుంటే గుమ్మానికి గుమ్మడికాయ కట్టిన సగం హైదరాబాద్ నా దగ్గర లైన్లో ఉండాలి.

అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్ల పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది. అందులో పది రకాలు, ఏ, బీ, సీ అని మూడు గుంపులు. నిర్వచనాలు చదివితే నిద్రొస్తుంది కాబట్టి నేను మా ట్రైనీలకు వినాయక చవితి పెట్టి చెప్తుంటా. ఒక అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో మండపం, చందాలు, చివరి రోజు భోజనాలు అనుకోండి.

పారనాయిడ్ మనిషికి చందా బోర్డు మీద తన పేరు మూడో వరసలో ఉంటే అందులో కుట్ర కనిపిస్తుంది. ఎప్పుడో 2016లో సెక్రెటరీ నవ్విన నవ్వు కూడా మర్చిపోడు. స్కిజాయిడ్ మనిషి కిందికి దిగడు, ఎందుకు దిగలేదని బాధా పడడు, మనుషులతో పని లేదు, పిలవకపోయినా ఫర్వాలేదు. స్కిజోటైపల్ మనిషికి మైకులో ఇప్పుడే ఆ పాట ఎందుకు వేశారో తనకొక్కడికే తెలుసు, అది తనకు వచ్చిన సంకేతం. మాట, వేషం కూడా కొంచెం వింతగా ఉంటాయి, దగ్గరివాళ్ల మధ్య కూడా బిగుసుకుపోతాడు. ఈ మూడూ ఏ గుంపు. చూసేవాళ్లకు "కొంచెం తేడా మనిషి" అనిపించే గుంపు.

బీ గుంపు అంటే గోల, ఎమోషన్. మైకు వదలనివాళ్లు, పక్కవాళ్ల పాపకు బహుమతి ఇస్తుంటే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు హిస్ట్రియానిక్. యాంటీసోషల్ మనిషి చందా పుస్తకం పట్టుకుని నాలుగు బ్లాకులు తిరిగి, ఆ డబ్బుతో గోవా వెళ్లొచ్చి, అడిగితే "మీరు ఇచ్చారు, నేను తీసుకున్నా" అంటాడు. తప్పు చేశానన్న గిల్టే ఉండదు. సినిమాల్లో చూపించే సైకో అనుకోకండి, ఎక్కువగా ఇలాంటి మోసాలూ, కొట్లాటలూ, అప్పులూనే. ఈ పేరు 18 నిండకుండా పెట్టకూడదు, పదిహేనేళ్ల లోపే ఆ పోకడ మొదలై ఉండాలి. నార్సిసిస్టిక్ మనిషి బ్యానర్ మీద తన ఫొటో వినాయకుడి కంటే చిన్నగా ఉందని అలుగుతాడు. అలుగుతాడు అన్నది గమనించండి, పైకి కొండలా ఉన్నా చిన్న విమర్శకి లోపల కుప్పకూలతాడు. సెల్ఫీలు ఎక్కువ దిగడం నార్సిసిజం కాదు, మాజీ ప్రియుడు అయినంత మాత్రాన కూడా కాదు.

బోర్డర్‌లైన్ మనిషి రోజంతా అందరికంటే ఎక్కువ పని చేస్తుంది, వంద ప్లేట్లు తనే తుడుస్తుంది. భోజనాల దగ్గర ప్రాణ స్నేహితురాలు ఇంకొకరి పక్కన కూర్చుందనుకోండి, అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోతుంది. అది నాటకం కాదు, ఆ క్షణంలో ఆమెకు నిజంగా అందరూ పోయినట్టే ఉంటుంది. వదిలేస్తారన్న భయం, మనుషుల్ని దేవుడు-దయ్యం అని రెండుగా చీల్చడం, తనెవరో తనకే నిలకడగా తెలియకపోవడం, ఖాళీగా అనిపించడం, ఆవేశంలో చేసే పనులు, పట్టలేని కోపం, తనకు తాను హాని చేసుకోవడం... ఇలా మొత్తం తొమ్మిది లక్షణాల్లో ఐదు ఉంటే చాలు. లెక్కేస్తే ఆ ఐదూ ఆపైనా 256 రకాలుగా కుదురుతాయి. అందుకే ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఒకలా ఉండరు.

సీ గుంపు భయస్తులది. అవాయిడెంట్ మనిషి కొత్త కుర్తా ఇస్త్రీ చేసుకుని, సెంటు కొట్టుకుని, లిఫ్టు దాకా వచ్చి, కింద నవ్వులు వినబడగానే వెనక్కి వెళ్లిపోతాడు. స్కిజాయిడ్‌కీ ఇతనికీ తేడా అదే, అతనికి రావాలని లేదు, ఇతనికి ప్రాణం లాగేస్తోంది కానీ నవ్వుతారేమోనని భయం. డిపెండెంట్ మనిషి చందా ఐదొందలా వెయ్యా అన్నది కూడా ఎవరో ఒకరు చెప్పందే ఇవ్వలేడు. అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ ఉన్నాయన లడ్డూ వేలం లెక్కలు రూపాయి తేడా లేకుండా మూడోసారి ఫెయిర్ చేస్తూ ఉంటాడు, ఈలోపు విగ్రహం ట్యాంక్‌బండ్ దాటిపోతుంది.

ఇంత చెప్పాక ఒక నిజం, ఈ గళ్లు గోడలంత గట్టివి కావు. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కొత్త వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, అందులో ఈ పేర్లన్నీ దాదాపు తీసేశారు. ముందు తీవ్రత చూస్తారు, తేలికా, మధ్యస్థమా, తీవ్రమా అని. ఆ తర్వాత అవసరమైతే ఏ గుణం వైపు మొగ్గు అని రాస్తారు. బోర్డర్‌లైన్‌ని మాత్రం ఒక తీరుగా ఉంచారు, స్కిజోటైపల్‌ని స్కిజోఫ్రెనియా వైపు జబ్బుల్లోనే ఉంచారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. మన తెలుగులో "వ్యక్తిత్వ లోపం" అని రాస్తారు చూడండి, ఆ మాట మాత్రం నాకు అస్సలు పడదు, తయారీలో దెబ్బతిన్న సామానులా మనిషిని చూసినట్టుంటుంది.

---

డబ్బాల_సారు_కొడుకు

మూడో అంతస్తు గారూ, లడ్డూ లెక్కలాయన మా నాన్నే. నవ్వొచ్చింది, కడుపులో దేవింది కూడా.

మా నాన్న ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్‌లో చేసి రిటైరయ్యారు. మా చెల్లి పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా ఆయనే రాస్తానన్నారు. రూళ్లు గీసిన తెల్ల కాగితం, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, గళ్లు. ఇంటిపేరు గడి ఒక చోట పక్కకు జరిగిందని మొత్తం చించి మళ్లీ. రెండోసారి "గారు" కొందరికి రాసి కొందరికి రాయలేదని మళ్లీ. నేను ఎక్సెల్‌లో కొట్టిస్తా నాన్నా అంటే మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో జాబితా పూర్తయ్యేసరికి పెళ్లి ఆరు రోజుల్లో ఉంది, వరంగల్ బంధువుల కార్డులు కట్టకట్టలుగా బీరువాలో ఉన్నాయి. మా మేనత్త ఇప్పటికీ అంటుంది, నా సొంత మేనకోడలి పెళ్లికి నన్ను వాట్సాప్‌లో పిలిచారు అని.

మేమంతా ఓసీడీ అనుకునేవాళ్లం. బీపీ కోసం వెళ్తే ఆ డాక్టరే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు, నిద్ర లేదని. అక్కడ తెలిసింది, రెండూ వేరట. ఓసీడీ ఉన్నవాళ్లకి చేతులు వందసార్లు కడగడం వాళ్లకే నరకం, ఆ ఆలోచన పోతే బాగుండు అనుకుంటారు. మా నాన్నకి తన పద్ధతే కరెక్టు, లోకానిదే తప్పు, మేం సోమరిపోతులం. పాత ఫ్యాన్ రెగ్యులేటర్లు, స్వీట్ డబ్బాలు పారేయనివ్వకపోవడం, డబ్బు ఖర్చు పెట్టలేకపోవడం, ఎవరికీ పని అప్పగించలేకపోవడం, అన్నీ ఆ ఒక్క తీరులోవేనట. ఆయన థెరపీకి రాలేదు, రారు. నిద్ర మాత్ర కొన్నాళ్లు వేసుకున్నారు. మారింది మేమే. ఇప్పుడు ఏ పనైనా ఆయనకు ఒక భాగం పూర్తిగా ఇచ్చేస్తాం, కరెంటు బిల్లు, గ్యాసు, ఆ పుస్తకం జోలికి ఎవ్వరం వెళ్లం. గడువున్న పని ఇవ్వం. గొడవలు సగం తగ్గాయి. సగమే.

బోనాల బ్యాచ్ బ్రదర్, మీ నాయన కాలంలో లేవన్నావు కదా. మా తాతది కూడా అచ్చం ఇదే తీరు. అప్పుడు దాన్ని "క్రమశిక్షణ" అనేవాళ్లు, మా నాయనమ్మ చచ్చేదాకా ఆయన ఎదుట గట్టిగా నవ్వలేదు.

---

బోనాల_బ్యాచ్

సరే బ్రో, తాతల దాకా పోవద్దు. మా అన్న కూడా ఉన్నాడు ఒకడు, పదేళ్ల నుంచి ఇంట్లో ఎవరితో మాట్లాడడు. బెల్టు చాలా పని చేసింది వాడి మీద, అందుకే మాట్లాడడు అనుకుంటా. నేనేదో సరదాకి రాసిన.

---

సగం_నిద్ర

లాగిన్ అయి ఏడాది అవుతోంది, ఈ పోస్టు కోసం పాస్‌వర్డ్ మార్చుకుని వచ్చా. నాకు 31, అమ్మాయిని, బోర్డర్‌లైన్ అని నాకు డాక్టరు చెప్పి ఐదేళ్లు. అక్కా, మీ తమ్ముడిది అదో కాదో నాకు తెలీదు. షూ విప్పకుండా నవ్వుతూ క్యారమ్స్ ఆడటం మాత్రం నాకు తెలుసు.

అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నప్పుడు నా ప్రపంచమంతా రెండు నీలం టిక్కులు. చూసి రిప్లై ఇవ్వలేదంటే అయిపోయింది, నేను చెత్త, నన్ను వదిలేశారు. బుర్రకి తెలుసు, అవతలి మనిషి బస్సులో ఉందేమో, నిద్రపోయిందేమో. ఒంటికి తెలీదు. ఛాతీలో ఎవరో బండరాయి పెట్టినట్టు, పొయ్యి మీద చెయ్యి పెట్టినప్పుడు తీసేదాకా ఇంకేం ఆలోచించలేం చూడండి, అలా. అందుకే ముప్పై కాల్స్. ఆ పునుగులు వట్టి సాకు అక్కా, వాడు అడిగింది "ఉన్నావా" అని. ఆ తర్వాత సిగ్గు. మనిషి నవ్వుతూనే ఉంటుంది గానీ లోపల సిగ్గుతో చచ్చిపోతుంటుంది.

నన్ను మొదట డిప్రెషన్ అన్నారు, తర్వాత బైపోలార్ అన్నారు, నాలుగేళ్లు మాత్రలు మింగి పది కిలోలు పెరిగా. ఒక చోట అయితే, పేరు చెప్పను, డాక్టరు నా ముందే అమ్మతో "అటెన్షన్ కోసం చేస్తుంది, పట్టించుకోకండి" అన్నారు. ఆ మాట ఎవరి గురించీ అనకండి ప్లీజ్. తర్వాత దొరికిన మేడమ్ డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే థెరపీ పద్ధతి మొదలుపెట్టించారు. దాన్ని కనిపెట్టింది మార్షా లైన్‌హన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. ఆవిడే పదిహేడేళ్లప్పుడు ఇలాంటి బాధతోనే మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటికి చెప్పారు. అది చదివిన రోజు నేను బిర్యానీ తెప్పించుకుని తిన్నా, ఎందుకో తెలీదు.

అందులో నేర్పేవి వింటే ఇంతేనా అనిపిస్తాయి. తట్టుకోలేనంత వచ్చినప్పుడు చల్లటి నీళ్లలో మొహం ముంచడం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి చెయ్యాలి. మెసేజ్ పంపేముందు ఇరవై నిమిషాలు ఆగడం. నేను ఆ ఇరవై నిమిషాలు బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని, మా రూమ్మేట్ ఇంకా ఏడిపిస్తుంది, ఆ ఏడాది మా హాస్టల్‌లో తిన్నంత శుభ్రమైన అన్నం ఎక్కడా తినలేదని. రెండేళ్లు పట్టింది. ఇప్పుడూ వస్తుంది, వచ్చి పోతుంది, నేను ఉంటున్నా.

మీరు చేయగలిగింది ఒకటి చెప్తా. "మీటింగ్‌లో ఉంటా" అని వదిలేయకండి, "నాలుగింటికి అయిపోతుంది, నాలుగుంపావుకి నేనే చేస్తా" అనండి, నాలుగుంపావుకి చెయ్యండి. నాలుగున్నర కాదు. అరవడం మొదలుపెడితే తప్పొప్పులు అప్పుడు తేల్చకండి, "నీకు చాలా భయమేసిందిరా" అంటే చాలు, భయం నిజమని ఒప్పుకోవడం వేరు, 31 కాల్స్ కరెక్టని ఒప్పుకోవడం వేరు. ఆ రెండో సంగతి మర్నాడు పొద్దున మాట్లాడండి. బ్యాగు సర్దిన ప్రతిసారీ కాళ్లావేళ్లా పడకండి కూడా, అలా చేస్తే బ్యాగు సర్దితేనే అక్క వస్తుందని వాడికి అలవాటవుతుంది. చచ్చిపోతానన్న మాట ఎప్పుడైనా వస్తే మాత్రం బెదిరింపు అనుకోకుండా సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

పెళ్లి మాత్రం వద్దు, ఇప్పుడే వద్దు. ఎవరో అమ్మాయి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకున్నందుకు శిక్ష అనుభవిస్తుంది.

---

ఉప్పల్_అక్క

సగం నిద్ర చెల్లీ, నీ రిప్లై లంచ్ అవర్‌లో చదివి వాష్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చా. "ఉన్నావా అని అడిగాడు" అన్న ముక్క మావారికి చదివి వినిపించా, ఆయన ఏమనలేదు, ఏమనకపోవడమే మా ఇంట్లో గొప్ప.

మూడో అంతస్తు గారూ, ఇంకొన్ని అడగాలి. బైపోలార్‌కీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, ఎవరి దగ్గరికి ముందు? తగ్గుతుందా? వాడు "నాకేం పిచ్చా" అంటే ఎలా తీసుకెళ్లాలి?

---

మూడో_అంతస్తు

బైపోలార్‌లో మూడ్ ఎక్కితే రోజులు, వారాలు అలాగే ఉంటుంది. మేనియా అంటే కనీసం వారం, దాని చిన్న రూపానికి నాలుగు రోజులు. రెండు గంటలు పడుకుని కూడా అలసట లేకుండా, లక్షలు తగలేస్తూ, ఆగకుండా మాట్లాడుతూ, ఎవరు ఏమన్నా అనకపోయినా అలా నడుస్తుంది. బోర్డర్‌లైన్‌లో గంటల్లో మారుతుంది, దాదాపు ప్రతిసారీ వెనక ఒక మనిషి, ఒక మాట, ఒక ఎత్తని ఫోన్ ఉంటుంది. అయితే రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు, పైగా థైరాయిడ్, తాగుడు, గంజాయి, చిన్నప్పటి నుంచి ఉన్న ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), ఇవన్నీ ఇలాంటి వేషాలు వేస్తాయి. అందుకే మొదట సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. ఆ తర్వాత థెరపీకి క్లినికల్ సైకాలజిస్టు. ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు కట్టినవాళ్లు ఈ ఊళ్లో గల్లీకొకరున్నారు. ఒక్క సిట్టింగ్‌లో, ఒక ప్రశ్నపత్రం నింపించి "ఇదీ మీ డిజార్డర్" అని చేతిలో పెట్టేవాళ్లను కూడా నమ్మకండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా, చిన్నప్పటి సంగతులు వినకుండా ఇది తేల్చే విషయం కాదు.

మందుల విషయం. పర్సనాలిటీ డిజార్డర్‌కని ప్రత్యేకంగా మాత్ర లేదు. పక్కన డిప్రెషన్, నిద్రలేమి లాంటివి ఉంటే వాటికిస్తారు. అసలు పని మాటలతో, నెలల తరబడి చేసే థెరపీతోనే. డబ్బు ఇబ్బందైతే మీరు జోకుగా వింటున్న ఆ ఎర్రగడ్డలోనే ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, అక్కడ ఓపీ చూస్తారు, మామూలు మనుషులు మామూలుగా చీటీ రాయించుకుని వెళ్తారు. నా చదువులో కొంత భాగం అక్కడి కారిడార్లలోనే గడిచింది, ఆ ఊరి పేరు తిట్టుగా వాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. కాకపోతే ఓపీ ఖర్చులు పాలసీలో ఉన్నాయో లేదో వేరే చూడాలి, ఎక్కువగా ఉండవు.

తగ్గుతుందా అంటే, బోర్డర్‌లైన్ విషయంలో చెప్తాను. బోస్టన్ దగ్గర మెక్‌లీన్ ఆసుపత్రివాళ్లు 290 మందిని పదేళ్లు వదలకుండా గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. 93 శాతం మందిలో లక్షణాలు కనీసం రెండేళ్లపాటు డయాగ్నోసిస్ వర్తించనంతగా తగ్గాయి. అదే సమయంలో ఉద్యోగం, సంబంధాలతో సహా బాగా నిలదొక్కుకున్నవాళ్లు సగం మందే. ఈ రెండు అంకెలూ కలిపే చెప్తాను ఎవరికైనా, మొదటిది ఒక్కటే చెప్తే అబద్ధమవుతుంది, రెండోది ఒక్కటే చెప్తే అన్యాయమవుతుంది. యాంటీసోషల్ దగ్గర నేను ఇంత ధీమాగా మాట్లాడను, నార్సిసిస్టిక్ వాళ్లు అసలు రారు, వచ్చినా భార్య విడాకుల నోటీసు పంపాకే.

తీసుకెళ్లడం ఎలా అంటే, "నీకు డిజార్డర్ ఉంది" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. ఆయనకే బాధగా ఉన్నదేదో ఒకటి ఉంటుంది, నిద్రో, ఆఫీసో, ఆ అమ్మాయి జ్ఞాపకమో. దాని మీద వెళ్దామనండి. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, వాడు మామూలుగా ఉన్న రోజు. మొదటిసారి మీరు కూడా వెళ్లండి, కానీ గదిలోకి ఆయన పిలిస్తేనే.

---

ఉప్పల్_అక్క

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ.

నాలుగుంపావు పద్ధతి పెట్టాను. మొదటి వారం నేనే రెండుసార్లు మర్చిపోయా, రెండుసార్లూ లొల్లి. ఆ తర్వాత ఫోన్‌లో అలారం పెట్టుకున్నా, మా టీమ్‌లో అందరికీ తెలిసిపోయింది, నాలుగుంపావు కాగానే వాళ్లే "తమ్ముడు" అని గుర్తుచేస్తున్నారు. పోయిన బుధవారం మీటింగ్ సాగింది, బయటికొచ్చి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్. ఆరు. నేను మావారికి స్వీట్ తెమ్మన్నా.

నిద్ర పట్టట్లేదని వాడే అన్నాడు ఒక రాత్రి, వంటింట్లో నీళ్లు తాగుతూ. అయితే చూపిద్దాం అన్నా, ఊ అన్నాడు. హబ్సిగూడలో ఒక సైకియాట్రిస్టు దగ్గర నిన్న అపాయింట్‌మెంట్. ఆటోలో అంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, దిగాక షూ లేసు రెండుసార్లు కట్టుకున్నాడు. పేరు పిలిచారు. తలుపు దగ్గర ఆగి "నువ్వు లోపలికొస్తావా" అన్నాడు. నీ ఇష్టంరా అన్నా. కాసేపు ఆలోచించి "బయటే ఉండు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ తిరిగి, "వెళ్లిపోవుగా" అన్నాడు.

గంటా పది నిమిషాలు ఉన్నాడు లోపల. టాయిలెట్‌కి కూడా వెళ్లలేదు నేను.